ఎడారికి ఎన్ని నీళ్ళు? డ్రిల్ అయ్యోరి జవాబులు

పోయిన సంచికలో చలికాలం థార్ ఎడారిలో నడక గురించి రాశాను. ఇసుక తిన్నెల అందం గురించి ఒక్కరూ అడగలేదు, ఉత్తరాలన్నీ నీళ్ళ మీదే వచ్చాయి. మంచిదే. శేషాచలంలో నడిచే మనం కోన నుంచి కోనకు, తీర్థం నుంచి తీర్థానికి పోతాం. సీసా ఖాళీ అయితే ముందు ఎక్కడో ముంచుకోవచ్చులే అనే ధీమా మనకు. తిరుమల మెట్లెక్కేటప్పుడైతే దారి పొడుగునా కుళాయిలే. ఈ అలవాటుతో జైసల్మేర్‌లో రైలు దిగితే కష్టం. అందుకే ఈసారి పేజీ అంతా నీళ్ళకే.

అయ్యోరూ, నలుగురు స్నేహితులం జనవరిలో జైసల్మేర్ పోయి మూడు రోజులు ఇసుకలో నడవాలనుకుంటా ఉన్నాం. తలకోనకు పోయినప్పుడు మనిషికి రెండు లీటర్లు సరిపోయింది. అక్కడికీ అంతేనా? మూడు రోజుల నీళ్ళూ వీపునే మోసుకుపోవచ్చా?
డిగ్రీ విద్యార్థి, తిరుపతి

రెండు లీటర్లు చాలవు నాయనా. మూడు రోజులవి మోసుకుపోనూలేవు. రెండూ విడివిడిగా చెప్తాను.

జనవరిలో అక్కడ పగలు పాతిక డిగ్రీల దగ్గర ఉంటుంది, రాత్రి పది లోపుకు పడిపోతుంది. ఆ చలి చూసి పిల్లకాయలు మోసపోతారు. మన ఊళ్ళో చెమట చొక్కాకు అంటుకుంటుంది, మెడ మీద కారుతుంది, ‘అబ్బా ఉక్క’ అని మనమే సీసా మూత తీస్తాం. అక్కడ గాలి పొడి. చెమట పట్టిన చోటే ఆరిపోతుంది, ఒళ్ళు తడే కాదు. సాయంత్రం చొక్కా విప్పి వీపు భాగం చూసుకుంటే తెల్లగా ఉప్పు చారలు కనబడతాయి. ఎంత పోయిందో అప్పుడు గానీ తెలీదు. పైగా చలిలో దాహం కూడా సరిగ్గా వెయ్యదు.

ఆ నెలలో తాగడానికే మనిషికి రోజుకు మూడు నుంచి నాలుగు లీటర్లు వేసుకో. వంటకు, పళ్ళు తోముకోవడానికి, దొడ్డికి పోయి రావడానికి ఇంకో లీటరున్నర. మధ్యస్తంగా ఐదు అనుకున్నా, నలుగురికి మూడు రోజులకు 60 లీటర్లు. లీటరు నీళ్ళంటే కిలో బరువు. అంటే తలా 15 కిలోలు, దానిమీద దుప్పటి, గుడారం, తిండి. వయసులో ఉన్నావు, మోస్తావు. కానీ ఆ బరువు మోసినందుకు ఇంకా చెమట పోస్తుంది, ఆ చెమటకు ఇంకా నీళ్ళు కావాల. దీనికి అంతు లేదు.

అందుకని ‘ఎన్ని రోజులు’ అని లెక్క మొదలుపెట్టొద్దు. నమ్మకంగా నీళ్ళు దొరికే చోటు నుంచి మళ్ళీ నమ్మకంగా దొరికే చోటుకు ఎన్ని గంటల నడక అని అడుగు. మెత్తటి ఇసుకలో గంటకు రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. మ్యాపులో పన్నెండు కిలోమీటర్లు కనబడితే ఇక్కడి లెక్కన మూడు గంటలు అనుకోవద్దు, పూట పడుతుంది. వీపు మీద ఆరేడు లీటర్లకు మించకుండా ఆ దూరం దాటగలిగితేనే సొంతంగా నడవండి. లేకపోతే ఒంటె కావాల, లేదా జీపులో ముందే నీళ్ళు దింపించుకోవాల. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్ళు చలికాలంలో అక్కడ శిబిరం నుంచి శిబిరానికి నడిపిస్తారు. మొదటిసారి పోయేవాళ్ళకు నేను చెప్పేది అదే, ఏ రోజు నీళ్ళు ఆ రోజు మోస్తే చాలు కాబట్టి. సొంతంగా పోతే సరిహద్దు వైపు కొన్ని చోట్లకు అనుమతి కావాల, ముందే కనుక్కోండి.

ఒంటె మీద వేసేటప్పుడు మన ఇళ్ళకు వచ్చే 20 లీటర్ల క్యాను వద్దు. అది పగిలిందా, మొత్తం ఇసుక పాలు. ఐదు లీటర్ల క్యాన్లు నాలుగు పెట్టుకో, రెండు ఒంటెలుంటే చెరి రెండు. ఒంటె ఒక దారిన, మనుషులు ఒక దారిన పోవడం మామూలే, కాబట్టి ఆ రోజు తాగే నీళ్ళు మాత్రం ఎప్పుడూ నీ వీపు మీదే ఉండాల. సంచి అడుగున పెడితే నడుం లాగేస్తుంది. భుజం రెక్కల మధ్య, వీపుకు ఆనుకునేట్టు నిలబెట్టు.

ఇవన్నీ కాక ఒక లీటరు సీసా మెడకు ఎర్ర దారం కట్టి పెట్టుకో. అది ముట్టని సీసా. సాయంత్రం శిబిరం చేరినాకనే దాని మూత తియ్యాల.

దాహం వేసినా నోరు మాత్రం తడుపుకుని నీళ్ళు మిగిలించుకోవాలని మిలిటరీలో పనిచేసిన మా మామ చెప్పేవాడు. ఎడారిలో అట్లా పొదుపు చెయ్యడమే మంచిదా?
ఎలక్ట్రికల్ షాపు యజమాని, పుత్తూరు

మీ మామ కాలంలో చాలా సైన్యాల్లో అట్లాగే నేర్పేవాళ్ళు. తక్కువ నీళ్ళకు ఒంటిని అలవాటు చెయ్యొచ్చని నమ్మేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కాలిఫోర్నియా ఎడారిలో సైనికులను నడిపించి, బరువులు తూచి చూశారు. తేలింది ఏమంటే, ఒళ్ళు ఆ అలవాటు నేర్చుకోదు. నువ్వు తాగినా తాగకపోయినా ఎండకూ నడకకూ పోవాల్సిన చెమట పోతూనే ఉంటుంది. నీళ్ళు దగ్గర పెట్టుకుని తాగకుండా దాచినవాడికి కలిగిన లాభం ఏమీ లేదు, ముందుగా కూలబడడం తప్ప. ఇంకో సంగతి కూడా వాళ్ళు గమనించారు. పక్కనే కావలసినన్ని నీళ్ళున్నా, నడిచేటప్పుడు మనిషి పోగొట్టుకున్నంత తాగడు. ఆ లోటు భోజనాల దగ్గర పూడుతుంది. అందుకే మధ్యాహ్నం తిండి మానేసి బిస్కెట్టుతో సరిపెట్టేవాళ్ళంటే నాకు కోపం.

పొదుపు చెయ్యాల్సింది చెమటను. తెల్లారక ముందే లేచి, వెలుగు రాగానే నడక మొదలుపెట్టి పదింటికల్లా ఆపాల. మధ్యాహ్నం ఖేజ్రీ చెట్టు కిందో, దుప్పటి కట్టిన నీడలోనో గమ్మున పడుకోవాల. నాలుగు దాటినాక మళ్ళీ నడక. పొట్టి చేతుల బనీన్లు, నిక్కర్లు వద్దు. వదులు నూలు చొక్కా, నిండు చేతులు, తలకు తుండుగుడ్డ. ఒంటి మీద గుడ్డ ఉంటే చెమట నిదానంగా ఆరుతుంది, చల్లదనం కాస్త నిలుస్తుంది. అక్కడి రైకాలు, ఒంటెలు మేపేవాళ్ళు, అంత పెద్ద తలపాగా చుట్టేది సోకుకు కాదు.

ఎండలో నడిచేటప్పుడు పదిహేను ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు లెక్కన తాగుతూ పోవాల. చలికాలపు పొద్దుటి పూట అందులో సగం చాలు. నీళ్ళు తక్కువపడ్డాయని తెలిస్తే దాహం ఆపుకుని ఇంకా నడవడం కాదు, నడక ఆపి నీడకు చేరడం. తాగాల్సినవి తాగేసి, పొద్దు వాలినాక కదలడం.

అట్లాగని కడవలు కడవలు తాగమనడం లేదు. గంటకు ఒకటిన్నర లీటరు దాటొద్దు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయ దిగేవాళ్ళు ఈ జబ్బుతో ఆసుపత్రుల పాలవడం డాక్టర్లు నమోదు చేశారు. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, మాట తికమక. ఇవి వడదెబ్బకూ ఉంటాయి కాబట్టి తేడా పట్టాల. వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయి, మూత్రం నీళ్ళ మాదిరి తెల్లగా మాటిమాటికీ వస్తా ఉంటే ఆ మనిషికి ఇంక నీళ్ళు ఇవ్వొద్దు. స్పృహలో ఉంటే ఉప్పు తిండి పెట్టి కూర్చోబెట్టండి. ఒళ్ళు కాలిపోతా, పిచ్చిమాటలు మాట్లాడతా ఉంటే వడదెబ్బ. అప్పుడు నీడకు చేర్చి, ఉన్న నీళ్ళు ఒంటి మీద పోసి విసరండి, తెలివి లేనివాడి నోట్లో పొయ్యొద్దు. రెండింటికీ 108 పిలవాల్సిందే.

మా అమ్మాయి కాలేజీ వాళ్ళతో రాజస్థాన్ పోతా ఉంది. తిరుమల పోయినప్పుడు కొన్న రాగి సీసా ఇచ్చి పంపనా? అందులో మజ్జిగ పోసి ఇవ్వొచ్చా?
గృహిణి, చిత్తూరు

రాగి సీసాలో మజ్జిగ అసలు పొయ్యొద్దమ్మా. నిమ్మరసం, చింతపండు పానకం కూడా. పులుపు తగిలితే రాగి దాంట్లో దిగుతుంది, కడుపులో తిప్పుతుంది. కొండమీద ప్లాస్టిక్ సీసాలు నిషేధించినప్పటి నుంచి మన ఇళ్ళన్నింట్లో రాగివో, గాజువో చేరాయి. అవి కొండకు బాగుంటాయి, ఎడారి నడకకు బరువు. ఖాళీ స్టీలు సీసాయే మూడు నాలుగు వందల గ్రాములు తూగుతుంది. అయినా ఒకటి ఉంచుకోమనండి, ఒక్క రేకుది, ఫ్లాస్కు కాదు. రాత్రి పడుకునే ముందు వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి దుప్పట్లో పెట్టుకుంటే కాళ్ళు వెచ్చబడతాయి. తెల్లారి అవే తాగొచ్చు.

మిగతావి కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసాలు చాలు, లీటరువో రెండు లీటర్లవో. నవ్వకండి. గ్యాసు ఒత్తిడికి తట్టుకునేట్టు చేసినవి కాబట్టి గట్టిగా ఉంటాయి, బరువు ఉండదు. మంచినీళ్ళ సీసాలు పలచన, సంచిలో నలిగితే మడత దగ్గర చీలతాయి. గొట్టంతో పీల్చే నీళ్ళ సంచి ఇప్పుడు పిల్లలకు ముద్దు. అది నడుస్తా తాగడానికి సుఖమే కానీ ఎన్ని మిగిలాయో కనబడదు, గొట్టం మూతిలో ఇసుక చేరుతుంది. ఉన్న నీళ్ళలో సగానికి మించి అందులో పొయ్యనివ్వకండి.

మజ్జిగ తాగించాలంటే బయల్దేరే ముందు తాగించండి, అంతే. దారికి ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఉప్పు శనగలు, ఎండు ఉసిరి ముక్కలు కట్టివ్వండి.

ఇంకొకటి, ఇది మన పెంపకం గురించి. మనం సీసా ఎత్తి పైనుంచి గొంతులో పోసుకుంటాం, కరిచి తాగితే ఎంగిలి అని. తిన్నె మీద గాలిలో అట్లా తాగితే మూడో వంతు గడ్డం మీదా, మెడ మీదా, కళ్ళద్దాల మీదా పోతుంది. ఎవరి సీసా వాళ్ళకు పేరు రాసి ఇచ్చి, మూతి పెట్టి తాగమనండి. ఒకరిది ఒకరు తాగకపోతే విరేచనాలూ ఒకరి నుంచి ఒకరికి పాకవు.

ఒంటె మూపురంలో నీళ్ళు ఉంటాయా తాతా? మా సార్ ఉంటాయన్నారు.
నాలుగో తరగతి, కుప్పం

ఉండవు చిన్నా. మూపురంలో ఉండేది కొవ్వు. నీళ్ళ విషయంలో ఒంటె గొప్ప వేరే. దప్పిక మీద ఉన్న ఒంటె పది పదిహేను నిమిషాల్లో వంద లీటర్లు తాగేయగలదు. మనకు జ్వరం మూడు డిగ్రీలు పెరిగితే మంచం ఎక్కుతాం. దాని ఒళ్ళు దప్పికలో ఉన్నప్పుడు పొద్దున 34 డిగ్రీల నుంచి సాయంత్రానికి 40 దాకా వేడెక్కినా ఏమీ కాదు. అందువల్ల చెమట పొయ్యాల్సిన పని తగ్గుతుంది. మీ సార్‌కు చెప్పు, మర్యాదగా చెప్పు.

దారిలో పల్లెల్లో బావులు ఉంటాయి కదా. ఆ నీళ్ళు తాగవచ్చునా? మాత్ర వేసుకుంటే సరిపోతుందా, ఫిల్టరు కొనాలా?
రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, చంద్రగిరి

మంచి ప్రశ్న అడిగారు సార్, కొంచెం విస్తారంగా రాస్తాను.

థార్‌లో లోతు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. మరి వందల ఏళ్ళుగా జనం ఏం తాగారు? జైసల్మేర్, బార్మేర్ ప్రాంతాల్లో కొన్ని చోట్ల ఇసుక కింద జిప్సమో, బంకమట్టో పొరగా ఉంటుంది. కురిసిన కాస్త వానా ఇసుకలో ఇంకి, ఆ పొర మీద ఆగి తేమగా నిలుస్తుంది. కింద ఉప్పునీళ్ళలో కలవదు. ఆ పొర పగలకుండా పైన పైన సన్నగా తవ్వి, ఊరిన తియ్యటి నీళ్ళు తోడుకుంటారు. దాన్ని బేరి అంటారు, కొన్నిచోట్ల కుయి. నోరు ఇరుకు, దానికి మూత, నీళ్ళు ఎండకు ఆవిరి కాకుండా. మన వ్యవసాయ బావి అలవాటుతో చూస్తే ఇదేం బావి అనిపిస్తుంది. చేద దించితే అడుగున తగిలిన చప్పుడు అవుతుంది. పైకి వచ్చేది సగం చేద, అందులో అడుగున వేలెడు ఇసుక. ఒకసారి తోడేస్తే మళ్ళీ ఊరడానికి గంటలు పడుతుంది. మనం నాలుగు క్యాన్లు నింపుకున్నామంటే ఆ పూట ఆ ఇంటి మేకలకు ఉండవని అర్థం. కాబట్టి అడక్కుండా చేద ముట్టుకోకూడదు. ఇవ్వకపోతే నొచ్చుకోకూడదు.

ఇళ్ళ ముందర టాంకా అని ఇంకొకటి ఉంటుంది. నేలలో కట్టిన నీళ్ళ తొట్టి, చుట్టూ వాలుగా చదును చేసిన నేల. ఆ నేలను ఆగోర్ అంటారు. పడిన వానంతా జారి తొట్టిలోకి పోతుంది. ఆగోర్ మీదికి చెప్పులతో పోకండి. పొట్టేలు ఎక్కినా తరుముతారు, మనమెంత. ఇప్పుడు సట్లెజ్, బియాస్ నదుల నీళ్ళు ఇందిరాగాంధీ కాలువలో జైసల్మేర్ దాకా వస్తున్నాయి. చాలా పల్లెలకు పైపులో, ట్యాంకర్లో ఉన్నాయి. అందుకే పక్కపక్క ఊళ్ళలోనే ఒకచోట తియ్యగా, ఒకచోట ఉప్పగా ఉంటాయి.

ఇంక శుభ్రం సంగతి. మురికి తేలుతుంటే పాత పంచె నాలుగు మడతలు వేసి వడకట్టండి. మన అవ్వల మాదిరి చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కు దిగుతుంది, కానీ క్రిములు చావవు. వడకట్టినాక క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగడమో, తెర్లు కాగినాక ఒక నిమిషం ఉంచడమో చెయ్యాల. సన్న గొట్టాల ఫిల్టరు కొనుక్కుంటే మంచిదే, చవకేం కాదు. జనవరి రాత్రి గడ్డకట్టే చలి పడితే తడిసిన ఫిల్టరు లోపల చీలిపోతుంది, పైకి కనబడదు. దాన్ని దుప్పట్లో పెట్టుకుని పడుకోండి.

ఈ మాత్రా, మరిగించడమూ, ఫిల్టరూ ఏదీ ఉప్పును తియ్యదు. మరిగిస్తే నీళ్ళు ఆవిరై ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడూ పోదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు, నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసింది. అది ఊరికి పనికొచ్చేది, సంచిలో పట్టేది కాదు. రెండు మూడు రోజుల ఫ్లోరైడుతో పళ్ళు ఎముకలు పాడవవు, దానికి ఏళ్ళు పట్టాల. కానీ నాలుకకు ఉప్పగా తగిలిన నీళ్ళు తాగొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉన్న నీళ్ళన్నీ ఆ దారిన పోతాయి. గిన్నెలు మాత్రం వాళ్ళ మాదిరే ఇసుకతో తోమి గుడ్డతో తుడవండి. అన్నం వార్చకండి, ఎసరు కొలిచి పెట్టండి. గంజి మిగిలితే ఉప్పు వేసి తాగండి, అది ఓఆర్‌ఎస్‌కు చుట్టమే.

నీళ్ళు అయిపోతే నాగజెముడు కోసి పిండుకోవచ్చనీ, గుంత తవ్వి ప్లాస్టిక్ పట్టా కప్పితే నీళ్ళు వస్తాయనీ, చివరికి మూత్రం తాగి బతకొచ్చనీ వీడియోల్లో చూపిస్తున్నారు. నిజమేనా అన్నా?
ఐటీఐ విద్యార్థి, శ్రీకాళహస్తి

గుంత తవ్వి చూడు, శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఇసుక ఉంది కదా. పొద్దున తవ్వి పట్టా కప్పి, సాయంత్రం గిన్నెలో ఎంత చేరిందో కొలువు. పొడి ఎడారిలో అంతకన్నా తక్కువే వస్తుంది. తవ్వినందుకు పోసిన చెమట ఎక్కువ.

థార్‌లో కనబడే జెముడు కోస్తే పాలు కారతాయి, నోరు పొక్కుతుంది. జిల్లేడూ అంతే. అన్నిటికన్నా మోసం చేసేది ఇసుక మీద పాకే చేదుపుచ్చ. వాళ్ళు తుంబా అంటారు. చారల చారలుగా చిన్న పుచ్చకాయ మాదిరి ఊరిస్తుంది. అది గట్టి విరేచన మందు. తియ్యటి ఎడారి పుచ్చ వేరే ఉంది, మతీరా అంటారు, వానాకాలం పంట. ఒంటె నడిపేవాడు చేతికిస్తే తిను, నువ్వు ఏరుకుని తినొద్దు.

మూత్రం కథ ఎక్కడిదో చెప్తాను. 1994లో మొరాకోలో జరిగే మారథాన్ దే సాబ్ల్ అనే ఎడారి పరుగులో ఇటలీకి చెందిన మౌరో ప్రోస్పెరి ఇసుక తుఫానులో దారి తప్పాడు. తొమ్మిది పది రోజుల తర్వాత అల్జీరియాలో తేలాడు. మూత్రం తాగిన మాట ఆయనే చెప్పాడు. పదిహేను కిలోలకు పైగా బరువు కోల్పోయాడు, లివరు దెబ్బతినింది. వీడియోల్లో చెప్పనిది ఏమంటే, ఆయన పగటెండలో నీడ పట్టుకుని, పొద్దునా సాయంత్రమూ మాత్రమే నడిచాడు. మూత్రంలో ఉండేది ఒళ్ళు వద్దని బయటికి తోసిన ఉప్పే. దాన్ని తాగడం కాదు, దాని రంగు చూడు. ఎండుగడ్డి రంగులో ఉంటే పరవాలేదు, డికాషన్ మాదిరి అయితే నడక ఆపు. బి విటమిన్ మాత్రలు మింగితే ఎట్లా ఉన్నా పసుపు పచ్చగానే వస్తుంది, అది లెక్క కాదు.

నాకు 58 ఏళ్ళు. బీపీ మాత్ర, షుగరు మాత్ర రెండూ వేసుకుంటాను. ఓఆర్‌ఎస్ తాగవచ్చా? నడకకు పోవచ్చా?
రైతు, పలమనేరు

రోజూ పొలం గట్ల మీద తిరిగే మనిషి, నడకకు భయం లేదు. కానీ మాత్రల పేర్లు మీ డాక్టరుకు చూపించి అడగండి, అందులో నీళ్ళ మాత్ర ఉందా అని. కొన్ని బీపీ మందులు మూత్రం ఎక్కువ పోయేట్టు చేస్తాయి. ఎండలో నడిచే రోజు మోతాదు ఏం చెయ్యాలో ఆయనే చెప్పాల, మీరుగా మానకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి, ఇంకా పొటాషియం, సిట్రేటు. ఇదీ డాక్టరుకు చూపించి, రోజుకు ఎంత వరకు తాగొచ్చో రాయించుకోండి. మామూలు మనిషికి నేను చెప్పేది మూడు లీటర్ల ఉత్త నీళ్ళకు ఒక లీటరు ఓఆర్‌ఎస్.

పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాల. అరసీసాకు అరపొట్లం అని అందాజుగా పొయ్యొద్దు. కలిపింది ఒక రోజు దాటితే పారబొయ్యాల. పొట్లం లేకపోతే లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు చదును చేసి. ఈ ఉప్పూ చక్కెర నీళ్ళ విలువ లోకానికి చూపించినవాళ్ళలో ముందువరసలో ఉండేది దిలీప్ మహలనబిస్, 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగులకు ఇచ్చి కాపాడాడు. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలను అదే అనుకుని కొనకండి, మీకు షుగరు కూడా ఉంది. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ అట్లాంటి వాటి పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది. దాని వెనక హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది.

మన ఎండలకు అలవాటు పడ్డవాళ్ళం, మనకు నీళ్ళు తక్కువే సరిపోతాయి కదా? పోయే ముందు ఇక్కడ ఏం సాధన చెయ్యాల?
చేనేత కార్మికుడు, నగరి

తలకిందులుగా అనుకుంటా ఉన్నావబ్బాయ్. ఎండకు అలవాటు పడ్డ ఒళ్ళు ముందుగానే చెమట పోస్తుంది, ఎక్కువ పోస్తుంది. చెమటలో ఉప్పు మాత్రం తక్కువ పోతుంది. అందుకే నువ్వు కూలబడవు, కానీ నీళ్ళు ఎక్కువే కావాల. ఆ అలవాటు కూడా మగ్గం గుంతలో కూర్చుంటే రాదు. వారం పది రోజులు వరసగా ఎండలో నడిస్తే వస్తుంది.

నీ ఒంటికి ఎన్ని నీళ్ళో నువ్వే కనుక్కో. ఉచ్చ పోసి వచ్చి, బట్టలు లేకుండా బరువు చూసుకో. సంచిలో ఆరేడు కిలోలు వేసుకుని, అర లీటరు సీసా పట్టుకుని గంటసేపు కొండ ఎక్కి దిగు, మధ్యలో ఉచ్చకు పోకుండా. మళ్ళీ ఒళ్ళు తుడుచుకుని అట్లాగే తూచు. 68 కిలోలు కాస్తా 67.4 అయిందనుకో, అర లీటరు తాగేసినావనుకో. పోయింది ఆరు వందల గ్రాములు, తాగింది ఐదు వందలు, కలిపితే గంటకు ఒక లీటరు వంద మిల్లీ చెమట. ఇది ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబరులో తెల్లవారుజామున ఒకసారి చూడు. రెండు అంకెలూ రాసి, మీతో వచ్చే ఒంటెవాడికి కాదు, మీ జట్టులో నీళ్ళు పంచే మనిషికి ఇవ్వు. జట్టులో తలా ఒక అంకె వస్తుంది. ఆడపిల్ల చిన్నగా ఉంది కదా అని ఆమెకు తక్కువ, నువ్వు లావుగా ఉన్నావని నీకు ఎక్కువ అని కళ్ళతో చూసి పంచొద్దు. అంకె చూసి పంచండి.